తుర్తుక్: దిగువ దారి మూసుకుపోయిన ఊరు

ష్యోక్ నది తుర్తుక్ దాటాక ఎటు పోతుందో చూస్తే ఈ ఊరి చరిత్ర సగం తెలిసిపోతుంది. నది లద్దాఖ్‌లోని నుబ్రా ప్రాంతం నుంచి వాయవ్యంగా దిగుతుంది. తుర్తుక్, త్యాక్షి, థాంగ్ ఊళ్లను ఒరుసుకుంటూ నియంత్రణ రేఖ దాటుతుంది. ఇప్పుడు పాకిస్తాన్ అధీనంలో ఉన్న బల్టిస్తాన్‌లో ఖప్లూ మీదుగా సాగి కెరిస్ దగ్గర సింధు నదిలో కలుస్తుంది. ఊరివాళ్ల పెళ్లి సంబంధాలు, సరుకులు, చదువులు, ప్రభుత్వ కచేరీ పనులు చాలావరకు తరతరాలుగా ఆ నీళ్లు పోయే వైపే నడిచాయి. 1971 డిసెంబరులో భారత్–పాకిస్తాన్ యుద్ధంతో ఆ దారి మూసుకుపోయింది. అప్పటి నుంచి ఊరి అవసరాలన్నీ ఏటికి ఎదురుగా, ఎగువన లేహ్ వైపు నుంచి తీరాల్సి వస్తోంది.

నేను కొండ ప్రాంతపు ఊళ్లలో నీరు, భూమి వాడకం మీద ప్రణాళికలు తయారుచేసే పనిలో ఉన్నాను. తుర్తుక్‌లో మా చిన్న బృందం చేపట్టిన పని పైకి మామూలుగానే కనిపిస్తుంది. పర్యాటకులు పెరిగారు, గెస్ట్‌హౌస్‌లు పెరుగుతున్నాయి, సాగు కాలువల మీద ఒత్తిడి పడుతోంది. ఊరివాళ్లు తమలో తాము కూర్చుని నిర్ణయాలు తీసుకోవడానికి పనికొచ్చే నీటి పటం ఒకటి కావాలి. తీరా గీయడం మొదలుపెట్టాక తెలిసింది, ఊరి గతం తెలియకుండా ఇక్కడ ఒక్క కాలువ గురించి కూడా సరైన సలహా ఇవ్వలేమని. అందుకే ఈ కేస్ స్టడీలో చరిత్రకు ఎక్కువ చోటు ఇచ్చాను. ఊళ్ల ప్రణాళికల మీద పనిచేసే తెలుగువాళ్లకు, ముఖ్యంగా ఏజెన్సీ ప్రాంతాల్లో తిరిగే యువ సహోద్యోగులకు ఇది పనికొస్తుందని నా నమ్మకం.

ఊరు ఉన్న చోటు

లేహ్ నుంచి ఖర్దుంగ్ లా కనుమ ఎక్కి దిగి, దిస్కిత్, హుందర్ దాటి ష్యోక్ వెంట పోతే సుమారు 205 కిలోమీటర్ల దగ్గర తుర్తుక్ వస్తుంది. దారి పొడవునా చెట్టూ చేమా లేని కారకోరం రాతి గోడలు. ఒక మలుపు తిరిగేసరికి పచ్చటి చేలు, ఆప్రికాట్ తోటలు, రాతి ఇళ్లు కనిపిస్తాయి. యూల్, ఫరోల్, చుతాంగ్ అని ఊరు మూడు భాగాలు. యూల్‌కు, ఫరోల్‌కు మధ్య కొండ మీదినుంచి దూకి వచ్చే వాగు ఒకటి ఉంది. దాని మీద చిన్న వంతెన. ఫరోల్ వైపు మెట్లెక్కి పైకి పోతే విశాలమైన గట్టు మీద పొలాలు.

లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంటే తుర్తుక్ 3,000 మీటర్ల దగ్గర ఉంది. ఈ 500 మీటర్ల తేడాయే ఊరికి పెద్ద ఆస్తి. లద్దాఖ్‌లో చాలా ఊళ్లకు ఏడాదికి ఒకటే పంట. తుర్తుక్‌లో బార్లీ కోసిన చేలోనే వెంటనే బక్‌వీట్ అనే గింజ పంట వేస్తారు, చలి ముదిరేలోగా దాన్నీ కోసుకుంటారు. బక్‌వీట్ పిండితో కిసిర్ అనే దోసెలు పోస్తారు, బలే అనే సూప్ చేస్తారు. ఆప్రికాట్ గురించి హైదరాబాద్ వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. పెళ్లి విందుల్లో తినే ఖుబానీ కా మీఠాకు వాడేది ఈ పండు ఎండబెట్టిందే. ఇక్కడ పండు తింటారు, ఎండబెట్టి చలికాలానికి దాచుకుంటారు, గింజలోని పప్పు నుంచి నూనె తీస్తారు.

ఊరివాళ్లు బల్టీలు. వాళ్ల భాష బల్టీ, టిబెటన్ కుటుంబానికి చెందింది. మతం ఇస్లాం. ఎక్కువమంది నూర్బక్షీ సూఫీ శాఖవాళ్లు. 14వ శతాబ్దంలో కశ్మీర్, బల్టిస్తాన్ ప్రాంతాల్లో ఇస్లాం వ్యాప్తికి మీర్ సయ్యద్ అలీ హమదానీని ముఖ్యుడిగా చెప్పుకుంటారు. ఆయన పరంపరలోనే తర్వాతి శతాబ్దపు సయ్యద్ ముహమ్మద్ నూర్బక్ష్ పేరు మీద ఈ శాఖ ఏర్పడింది. అంతకుముందు ఈ ప్రాంతమంతా బౌద్ధం. గేసర్ రాజు వీరగాథ నేటికీ బౌద్ధులైన లద్దాఖీలకూ ముస్లింలైన బల్టీలకూ ఉమ్మడి సొత్తు. మతం మారినా కథ మారలేదు, చేను మారలేదు, కాలువ మారలేదు. ఈ మాట మా పనికి నేరుగా సంబంధించినది, మళ్లీ దాని దగ్గరకు వస్తాను.

ఒకప్పుడు మధ్యలో ఉన్న ఊరు

తుర్తుక్‌ను ఇవాళ అందరూ దేశం చివరి ఊళ్లలో ఒకటిగా పరిచయం చేస్తారు. 2022 అక్టోబరులో ఉత్తరాఖండ్‌లోని మాణాలో ప్రధాని మాట్లాడుతూ సరిహద్దు ఊళ్లే దేశానికి మొదటి ఊళ్లని చెప్పినప్పటి నుంచి ఆ మాటా వాడుకలోకి వచ్చింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో చైనా సరిహద్దు వెంట ఉన్న ఊళ్ల కోసం 4,800 కోట్ల రూపాయలతో వైబ్రెంట్ విలేజెస్ పథకాన్ని కేంద్రం ఆమోదించింది. సరిహద్దు ఊళ్లను గౌరవంగా చూడాలన్న ఆ ఆలోచన నాకు నచ్చింది. అయితే చివరి నుంచి లెక్కపెట్టినా మొదటి నుంచి లెక్కపెట్టినా, లెక్క మొదలయ్యేది రాజధాని దగ్గరే. తుర్తుక్‌కు నది వెంట లెక్క కావాలి. ఆ లెక్కలో అది లోయ నడిమి ఊరు.

తుర్తుక్ పాత చోర్బత్ ప్రాంతంలోది, చోర్బత్ ఖప్లూ రాజ్యంలోది. ఖప్లూను ఏలిన యబ్గో వంశానికి తుర్తుక్‌లో ఒక నివాసం ఉండేది. ఆ ఇంట్లో రాజవంశీకుల కుటుంబం వంశవృక్షాన్ని, పాత ఆయుధాలను, పాత్రలను భద్రపరిచి చూడవచ్చినవాళ్లకు చూపిస్తోంది. 1840లో జమ్మూ డోగ్రా సేనాని జోరావర్ సింగ్ బల్టిస్తాన్‌ను జయించాడు. 1846 అమృత్‌సర్ ఒప్పందంతో ఏర్పడ్డ జమ్మూకశ్మీర్ సంస్థానంలో ఇదంతా కలిసింది. 20వ శతాబ్దం మొదటికల్లా లేహ్, కార్గిల్, బల్టిస్తాన్‌లోని స్కర్దూ తహసీళ్లు మూడూ లద్దాఖ్ వజారత్ అనే ఒకే జిల్లా కింద ఉన్నాయి. ఆ జిల్లా అధికారి కచేరీ వేసవిలో లేహ్‌లో, చలికాలంలో స్కర్దూలో నడిచేది. లేహ్ నుంచి స్కర్దూ వరకూ ఒకే జిల్లా అయినప్పుడు ష్యోక్ ఒడ్డున ఉన్న ఈ ఊరు దేనికీ అంచు కాదు. నా దృష్టిలో తుర్తుక్ చరిత్రలో అందరికంటే ముందు చెప్పుకోవాల్సిన వాస్తవం ఇదే. యుద్ధాలు దీని తర్వాత.

1947 నవంబరు మొదట్లో గిల్గిత్‌లో సంస్థాన పాలన మీద, పాకిస్తాన్‌కు అనుకూలంగా తిరుగుబాటు జరిగింది. 1948 ఫిబ్రవరి నుంచి ముట్టడిలో ఉన్న స్కర్దూ కోట ఆగస్టు 14న పాకిస్తాన్ వైపు దళాలకు చిక్కింది. అదే ఏడాది ఆ దళాల దాడి నుబ్రా దాకా వచ్చినప్పుడు నుబ్రాలోని సుమూర్ ఊరి కుర్రాడు, 17 ఏళ్ల చెవాంగ్ రించెన్ స్థానిక యువకులను కూడగట్టి అడ్డుకున్నాడు. ఆ దళమే నుబ్రా గార్డ్స్. ఆ పోరాటానికి ఆయనకు మహావీర చక్ర వచ్చింది. 1949 జనవరి 1న కాల్పులు ఆగాయి, జులైలో కరాచీ ఒప్పందంతో కాల్పుల విరమణ రేఖ గీశారు. తుర్తుక్ పాకిస్తాన్ పాలనలో ఉండిపోయింది. ఎగువ దారి మూతపడింది, దిగువ దారి తెరిచే ఉంది. ఊరు కష్టపడింది గానీ కుంగిపోలేదు. సంబంధాలు, సంతలు, ఖప్లూలోని బంధువులు అన్నీ ఆ వైపే కదా.

1971 డిసెంబరు

ఇరవై రెండేళ్ల తర్వాత అదే రించెన్ మేజర్ హోదాలో లద్దాఖ్ స్కౌట్స్, నుబ్రా గార్డ్స్ సైనికులతో ష్యోక్ వెంట దిగువకు కదిలాడు. యుద్ధం డిసెంబరు 3న మొదలైంది. ఇక్కడి దాడి డిసెంబరు రెండో వారంలో, గడ్డకట్టే చలిలో నడిచింది. ముందు చలుంకా, తర్వాత తుర్తుక్, త్యాక్షి, థాంగ్. ఆయనకు రెండోసారి మహావీర చక్ర ఇచ్చారు. డిసెంబరు 17న కాల్పులు ఆగేసరికి ఈ నాలుగు ఊళ్లూ భారత సైన్యం చేతిలో ఉన్నాయి.

యుద్ధంలో గెలుచుకున్న భూమిని రెండు దేశాలూ తిరిగి ఇచ్చేసుకున్నాయి కదా, మరి తుర్తుక్ ఎందుకు ఇటే ఉండిపోయిందని చాలామంది అడుగుతారు. 1972 జులై 2 నాటి సిమ్లా ఒప్పందంలో అంతర్జాతీయ సరిహద్దుకు ఒక లెక్క, జమ్మూకశ్మీర్‌కు ఒక లెక్క ఉన్నాయి. పంజాబ్, సింధ్ లాంటి చోట్ల సైన్యాలు పాత సరిహద్దుకు వెనక్కి వెళ్లాయి. జమ్మూకశ్మీర్‌లో మాత్రం 1971 డిసెంబరు 17 నాటి కాల్పుల విరమణ వల్ల ఏర్పడిన నియంత్రణ రేఖను ఇద్దరూ గౌరవించాలని రాసుకున్నారు. ఆ ఏడాది డిసెంబరులో రేఖను మ్యాపుల మీద ఖరారు చేశారు. అది థాంగ్‌కు, దాని తర్వాతి ఊరైన ఫ్రానూకు మధ్య నుంచి పోయింది. థాంగ్ ఇటు, ఫ్రానూ అటు.

ఆ రోజుల గురించి పెద్దవాళ్లు చెప్పేటప్పుడు తుపాకుల మాట తక్కువగానే వస్తుంది. ఎవరు ఆ వారం ఊళ్లో లేరు అన్నదే ఎక్కువగా వస్తుంది. చలికాలంలో కూలి పనికి, చదువుకు, సైన్యంలో ఉద్యోగానికి దిగువకు వెళ్లినవాళ్లు అటే ఉండిపోయారు. భార్య ఇటు, భర్త అటు. తల్లి ఇటు, కొడుకు అటు. ఖప్లూ వైపు నుంచి కోడళ్లుగా వచ్చినవాళ్లకు పుట్టిల్లు ఒక్క వారంలో పరాయి దేశమైంది. కొత్తగా వచ్చిన సైన్యంలో నుబ్రా, లద్దాఖ్ మనుషులే ఎక్కువగా ఉండడం, వాళ్ల భాష, బల్టీ దగ్గర దగ్గరగా ఉండడం ఊరివాళ్ల భయాన్ని కొంత తగ్గించిందని మేం మాట్లాడిన ఇళ్లలో విన్నాం. అధికారి ఇరుగు పొరుగు లోయవాడు కావడం ఎంత తేడా తెస్తుందో పాలన చేసేవాళ్లందరూ గుర్తుపెట్టుకోదగ్గ విషయం.

ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్లు ఊరు బయటివాళ్లకు తెరుచుకోలేదు. 1984 ఏప్రిల్‌లో సియాచిన్ మీదికి భారత సైన్యం వెళ్లడంతో నుబ్రా అంతా సైనిక ప్రాంతమైంది. 1999 కార్గిల్ యుద్ధంలో తుర్తుక్ పైన కొండల మీదా పోరు జరిగింది. 11వ రాజ్‌పుతానా రైఫిల్స్ కెప్టెన్ హనీఫుద్దీన్ జూన్ 6న అక్కడే వీరమరణం పొందారు. వీర చక్ర పొందిన ఆయన పేరే ఇప్పుడు ఆ సబ్ సెక్టార్‌కు ఉంది. ఆ ఏడాది ఊరు రెండు వైపుల నుంచి నలిగింది. పైనుంచి షెల్లింగ్, ఇటు నుంచి అనుమానం. అవతల బంధువులున్న ప్రతి ఇంటినీ అనుమానించడం మొదలైతే ఈ ఊళ్లో ఏ ఇల్లూ మిగలదు. ఆ దూరాన్ని తగ్గించడానికి సైన్యం ఆపరేషన్ సద్భావన పేరుతో బడులు, వైద్యం, వృత్తి శిక్షణ పనులు చేపట్టింది. మేం కలిసిన పెద్దల్లో చాలామంది బడుల గురించి మంచిగా చెప్పారు.

2010లో పర్యాటకులను అనుమతించారు. 2019 అక్టోబరు 31న లద్దాఖ్ కేంద్రపాలిత ప్రాంతమైంది. 2024 ఆగస్టులో కేంద్రం ప్రకటించిన ఐదు కొత్త జిల్లాల్లో నుబ్రా కూడా ఒకటి. ఎనభై ఏళ్లు దాటినవాళ్లు సంస్థానంలో పుట్టి, పాకిస్తాన్ పాలనలో పెరిగి, భారత్‌లో మనవలను ఎత్తుకున్నారు. కాగితాలు ఎన్నిసార్లు మారినా నీటి వంతు మాత్రం పాతదే.

నీళ్లు, రాళ్లు

ష్యోక్ ఊరి కిందుగానే పోతున్నా దాని నీళ్లు చేలకు ఎక్కవు. లోతున పోతుంది, వేసవిలో బురదతో ఉరకలేస్తుంది. పొలాలు బతికేది పక్క వాగు మీద. పైన మంచు కరిగి వచ్చే ఆ వాగుకు ఎగువన అడ్డుకట్టి, కొండ అంచున రాళ్లు పేర్చి, వాలు చూసుకుంటూ కాలువను చేల మీదికి తెస్తారు. పిల్ల కాలువలు ఇళ్ల మధ్య సందుల్లోంచి, ఒక్కోచోట ఇంటి గోడ కిందనుంచి పోతాయి. దారిలో తిరగలి రాయిని తిప్పి పిండి విసురుతాయి. లద్దాఖ్ ఊళ్లలో నీటి వంతులు చూడడానికి చుర్పోన్ అనే మనిషిని పెట్టుకునే ఆనవాయితీ ఉంది. మన తెలంగాణ చెరువుల కింద నీరటి, రాయలసీమలో నీరుగంటి చేసే పనే అది. చెరువు లేదన్నమాటే గానీ తగువులూ తీర్పులూ అచ్చంగా అవే. మాలో తెలంగాణ నుంచి వచ్చిన సహోద్యోగికి వంతుల లెక్క అందరికంటే ముందు అర్థం కావడానికి కారణం ఇదే.

రాతి పని గురించి ఇంకో మాట. ఇక్కడ కొన్ని ఇళ్లకు నంగ్‌చుంగ్ అనే చిన్న రాతి గది ఉంటుంది. కొండ నుంచి జారి పేరుకున్న బండల మీద కట్టుకున్న ఊరు కాబట్టి బండల సందుల్లోంచి చల్లగాలి పైకి వస్తుంది. ఆ సందు మీద గది కడితే ఎండాకాలంలో వెన్న, మాంసం, పాలు పాడవకుండా ఉంటాయి. తుర్తుక్ లద్దాఖ్‌లో వెచ్చటి ఊరు, జులైలో ఎండ బాగానే కాస్తుంది. కాబట్టి ఈ గది వాళ్లకు నిత్యావసరం. కరెంటు ఖర్చు లేదు, రిపేరు లేదు. లోపల చెయ్యి పెడితే రాతి సందులోంచి వచ్చే గాలి చర్మానికి తగులుతుంది. నేను చూసిన గ్రామీణ నిర్మాణాల్లో ఇంత తక్కువ సామానుతో ఇంత పని చేసేది మరొకటి లేదు.

మేం చేసిన పని

పటం కోసం కాలువ తల నుంచి చివరి చేను వరకు నడిచాం. ముందు వంతులు తెలిసిన పెద్ద మగవాళ్లతో, తర్వాత ఆడవాళ్లతో విడిగా, ఆ తర్వాత బడి పిల్లలతో. ఒకే కాలువ, మూడు పటాలు. మగవాళ్ల పటంలో తూములు, వంతుల రోజులు, పాత తగువుల చోట్లు ఉన్నాయి. ఆడవాళ్ల పటంలో తెల్లవారుజామున తాగునీళ్లు పట్టుకునే చోటు, గిన్నెలు తోముకునే చోటు, గుడ్డలు ఉతికే చోటు, ఏ గంటకు ఏది చేయకూడదో ఆ కట్టుబాటు ఉన్నాయి. పొలంలో ఎక్కువ పని ఆడవాళ్లదే. మగవాళ్లు రోడ్డు పనులకు, సైన్యానికి సామాన్లు మోసే పనికి, ఇప్పుడు టాక్సీలకు పోతారు. ఆడవాళ్లను విడిగా అడగకపోయి ఉంటే పటంలో తాగునీరు అనే పొర వచ్చేదే కాదు.

మూడు పటాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి, వాటి పక్కన గెస్ట్‌హౌస్‌లను గుర్తిస్తే అసలు సమస్య బయటపడింది. పర్యాటకులు ఎక్కువగా వచ్చేది జులై, ఆగస్టుల్లో. బార్లీ కోసి బక్‌వీట్ విత్తేది సరిగ్గా ఆ రోజుల్లోనే. రెండో పంటకు మొలక నీళ్లు ఆలస్యమైతే అక్టోబరు చలి గింజ గట్టిపడకముందే కొట్టేస్తుంది. అంటే ఫ్లష్ టాయిలెట్లకు, షవర్లకు నీళ్లు ఎక్కువ కావాల్సిన వారాలూ, చేను ఒక్క వంతు కూడా వదులుకోలేని వారాలూ ఒకటే. ఏడాది మొత్తం మీద సగటు లెక్క వేస్తే ఊళ్లో నీళ్లకు కొదవ లేనట్టే కనిపిస్తుంది. అంతకుముందు ఊరి గురించి బయటివాళ్లు తయారుచేసిన ఒక నివేదికలో ఉన్నది ఆ సగటే. వారం వారం లెక్క వేస్తేనే బక్‌వీట్‌కు వచ్చిన ముప్పు కనిపిస్తుంది.

రెండో సమస్య మురుగు. లద్దాఖ్ పాత పద్ధతి మరుగుదొడ్డిలో నీళ్లు వాడరు. పై గదిలో మట్టి, బూడిద చల్లుతారు, కింద గదిలో ఎరువు తయారవుతుంది, వసంతంలో చేలకు తోలుతారు. ఫ్లష్ వచ్చేసరికి ఎరువు పోయింది, మురుగు గుంత వచ్చింది. బండల మీద కట్టుకున్న ఊళ్లో గుంతలోకి పోయిన నీళ్లు ఎక్కడ తేలతాయో చెప్పలేం. కాలువకు ఎగువన గుంత తవ్వితే దిగువ ఇంటి తాగునీటికి ముప్పు. నంగ్‌చుంగ్‌కు కూడా అలాంటి ప్రమాదమే ఉంది. పక్కన కాంక్రీటు పునాది పోసి బండల సందులు పూడ్చేస్తే గాలి దారి మూసుకుపోతుందని మా అంచనా.

ఊరి సమావేశంలో గెస్ట్‌హౌస్‌ల యజమానులు చెప్పిన మాట కూడా న్యాయమైనదే. "ఊరంతా కలిసి ఎండబెట్టిన పళ్లు అమ్మితే వచ్చే డబ్బు కంటే రెండు గదుల మీద నాకు ఎక్కువ వస్తుంది. పిల్లలను లేహ్‌లో, జమ్మూలో చదివించాలి. వచ్చిన అతిథి ఫ్లష్ లేదంటే పక్కింటికి పోతాడు" అన్నాడొకాయన. దానికి ఒక పెద్దావిడ, ఊరంతా అపీ అని పిలుచుకునే ఆవిడ, తాపీగా సమాధానమిచ్చింది: "బాబూ, అతిథి చూడ్డానికి వచ్చేది ఈ చేలనే కదా. చేను ఎండితే నీ గదిలో ఎవరుంటారు?" ఆ ఒక్క ప్రశ్న మా నివేదిక చెప్పాల్సినదంతా చెప్పేసింది.

చివరికి కొన్ని విషయాల్లో మాట కుదిరింది. విత్తనాల వారాల్లో గెస్ట్‌హౌస్‌లు కాలువ నుంచి ట్యాంకులు నింపుకోవడానికి రాత్రి గంటలు మాత్రమే. కొత్త మురుగు గుంతలు కాలువకు దిగువ పక్కనే. కొత్తగా కట్టేవాళ్లు కనీసం ఒక పొడి మరుగుదొడ్డి ఉంచాలి. ఫ్లష్‌ను పూర్తిగా మానాలన్న మాట ఒప్పుకోలేదు, మేం పట్టుబట్టలేదు. నలభై ఏళ్లు మూసి ఉంచిన ఊరికి, తలుపు తెరుచుకున్న కాసేపటికే ఆదాయం వదులుకోమని బయట నుంచి వచ్చి చెప్పే హక్కు ఎవరికీ లేదని నా అభిప్రాయం. నంగ్‌చుంగ్ ఉన్న ఇళ్ల పక్కన తవ్వకాలకు ముందు ఇంటివాళ్లను అడగాలన్నది అందరూ వెంటనే ఒప్పుకున్నారు. దాన్ని అతిథులకు చూపించడం వాళ్లకు గర్వకారణం.

ఇలాంటి కట్టుబాట్లు కాగితం మీద రాసినంత మాత్రాన నిలబడవు. ఇక్కడ నిలబడతాయని నేను అనుకోవడానికి కారణం ఊరి గతమే. రాజ్యాలు మారాయి, మతం మారింది, నాణెం మారింది. ఆ మార్పులన్నిటిలో నీటి వంతు తెగలేదు. తెగి ఉంటే ఊరు ఉండేది కాదు. కాబట్టి కొత్త నీటి సంఘం ఒకటి పెట్టి, దానికి రిజిస్ట్రేషన్, బ్యాంకు ఖాతా తెరిపించడం కంటే, ఉన్న వంతుల ఏర్పాటులో గెస్ట్‌హౌస్‌ను కూడా ఒక చేనులా లెక్కించి వంతు ఇవ్వమని సలహా ఇచ్చాం. ఆ చేనుకూ వంతు రోజు ఉంటుంది, కాలువ పూడిక తీసేటప్పుడు పని బాధ్యత కూడా ఉంటుంది. పని బాధ్యత అన్న మాట దగ్గరే ఊరివాళ్లకు ఈ సలహా నచ్చింది. అప్పటిదాకా నీళ్లు వాడుకుని పూడికతీతకు రాని ఇళ్ల మీద లోపల్లోపల అసంతృప్తి ఉండేది.

దిగువ దారి

నీటి పటం ఒకవైపు పెడితే, ఊరివాళ్లు మాతో ఎక్కువగా మాట్లాడింది దిగువ దారి గురించి. థాంగ్ దాకా పర్యాటకులు వెళ్తారు. అక్కడ బైనాక్యులర్స్‌లో అవతలి ఊరు చూస్తారు. హైదరాబాద్, విజయవాడ నుంచి బైకుల మీద వచ్చే మన కుర్రాళ్లూ చూస్తారు, ఫొటోలు తీసుకుంటారు. దయచేసి ఒక్కటి గుర్తుంచుకోండి: ఆ అద్దంలో కనిపించే చేను మీకు బైనాక్యులర్స్ ఇచ్చినవాళ్ల బంధువులది కావచ్చు.

ఆ బంధువును కలవాలంటే 2025 దాకా లేహ్ వెళ్లి, ఢిల్లీ వెళ్లి, వీసా తెచ్చుకుని, పంజాబ్‌లోని అటారీ సరిహద్దు దాటి, లాహోర్ మీదుగా స్కర్దూ చేరి, ఖప్లూ వైపు రావాల్సి వచ్చేది. కొద్ది గంటల ప్రయాణానికి వేల కిలోమీటర్లు. చాలామందికి ఆ డబ్బూ లేదు, వీసా వస్తుందన్న ఆశా లేదు. హజ్ యాత్రకు వెళ్లి మక్కాలో కలుసుకున్న కుటుంబాలున్నాయి. తర్వాత వాట్సాప్ వచ్చింది, మనవల ముఖాలు చూసుకోవడం మొదలైంది. 2005లో శ్రీనగర్–ముజఫరాబాద్ మధ్య, మరుసటి ఏడాది పూంచ్–రావలాకోట్ మధ్య బస్సులు నడిచినప్పుడు లద్దాఖ్ వైపు కార్గిల్–స్కర్దూ దారీ తెరవాలని ఇక్కడి బల్టీలు ఆశపడ్డారు. ఆ వైపు ఒక్క దారీ తెరుచుకోలేదు. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత అటారీ చెక్‌పోస్టు కూడా మూతపడింది.

ప్లానర్ చేతిలో దీనికి మందు లేదు. కానీ దీన్ని పక్కన పెట్టి ప్రణాళిక వేస్తే తప్పుతుంది. ఉదాహరణకు పళ్ల మార్కెట్ తీసుకోండి. పాత రోజుల్లో సరుకు నది వాలున దిగేది. ఇప్పుడు పండు ఖర్దుంగ్ లా ఎక్కి లేహ్ చేరాలి, చలికాలంలో మంచు పడితే ఆ కనుమే ఆగిపోతుంది. మెత్తటి పండు ఆ ప్రయాణానికి ఆగదు. కాబట్టి ఇక్కడ పెట్టుబడి పెట్టాల్సింది పచ్చి పండు రవాణా మీద కాదు, ఎండబెట్టడం మీద, పప్పు నూనె మీద. ఇప్పుడు పళ్లను ఇంటి కప్పుల మీద, బండల మీద ఆరబోస్తారు. దుమ్ము పడుతుంది, రంగు మారుతుంది, ధర పడిపోతుంది. వలతో కప్పిన చెక్క తట్టలు, గాలి ఆడే చిన్న సోలార్ డ్రయ్యర్లు చాలు. పెద్ద కోల్డ్ స్టోరేజీ కట్టాలన్న ప్రతిపాదనను నేను సమర్థించలేదు. కరెంటు మీద, డీజిల్ మీద ఆధారపడేది ఈ దారి చివర ఎక్కువ కాలం నడవదు.

పటం ప్రతులు యూల్, ఫరోల్ పెద్దల దగ్గర, బడిలో, ఆడవాళ్ల బృందం దగ్గర ఉన్నాయి. కాలువల పేర్లు ఉర్దూ లిపిలో రాశాం, ఎందుకంటే ఊరి పెద్దవాళ్లు చదివేది అదే. వచ్చే విత్తనాల కాలంలో రాత్రి గంటల ఏర్పాటు ఎలా నడిచిందో వాళ్లే రాసిపెడతామన్నారు. త్యాక్షిలో, చలుంకాలో ఇదే పద్ధతిలో కాలువలు నడిచి చూడాల్సి ఉంది. వాటిలో త్యాక్షి ముందు, అక్కడా గదులు కట్టడం మొదలైంది కాబట్టి.